చలికాలం పెట్టె

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని సామెత కట్టినవాళ్లెవరో గానీ, సిద్దిపేటలో అంజవ్వ ఇంటికి వచ్చి ఒక్క పూట అన్నం తిని ఉంటే ఆ మాటను అన్నంతో పాటే మింగేసి పోయేవాళ్లు. అంజవ్వకు కోడలు ప్రసూన ఇంట్లో ఉంటేనే గుణం. ప్రసూన పుట్టింటికి పోయిన నాడు ఆమెకు కూరలో ఉప్పు తెలియదు, కళ్లద్దాలు దొరకవు, వాకిట్లోంచి పోయేవాళ్లతో ఊరికే తగువు పడుతుంది. అలాంటి కోడలికి ఆమే దగ్గరుండి మళ్లీ పెళ్లి చేసి పంపించింది.

అంజవ్వ కొడుకు నరహరి భివండిలో మరమగ్గాలు నడిపేవాడు. రెండేళ్ల కింద అక్కడే, మగ్గం పక్కనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. శవం వచ్చింది. ప్రసూన అప్పటికి ఇంకా చిన్నదే, కూతురు శ్వేతకు మాటలు వచ్చీ రాని వయసు. ఏడ్చి ఏడ్చి ఒకనాడు అంజవ్వ తలెత్తి చూస్తే, ఎదురుగా గోడకు ఆనుకుని, తల వంచుకుని కూర్చున్న ఆ పిల్ల కనిపించింది. అంజవ్వ కూడా వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. ఆ బతుకు రుచి ఆమెకు తెలుసు. పగవాడికి కూడా వద్దనిపించే రుచి. అందుకే కులపెద్ద సారయ్యను ఇంటికి పిలిచి, నా కోడలికి సంబంధం చూడు అని ఆమే నోరు విప్పి అడిగింది. సారయ్య తిరిగి తిరిగి హుస్నాబాద్‌లో నీళ్ల మోటార్లు రిపేరు చేసే ఓంప్రకాశ్‌ను పట్టుకొచ్చాడు. పెళ్లయి విడిపోయినవాడు. పిల్లల్లేరు, తాగుడు లేదు, తల్లి అనసూర్య ఒక్కతే ఉంది.

వాడకట్టు అంతా అంజవ్వను మెచ్చుకుంది. అత్తంటే ఇట్లుండాలె అన్నారు. అంజవ్వ కాదనలేదు, మెప్పు ఎవరికి చేదు? కానీ ఆ మెప్పులో ఒక ముల్లు ఉంది. అది ఎక్కడుందో ఆమెకు తెలుసు, సారయ్యకు తెలుసు, హుస్నాబాద్ వాళ్లకు తెలుసు. సంబంధం ఖాయం చేసే రోజు ఆమె ఒక షరతు పెట్టింది.

"కోడల్ని ఇస్తున్న. మనుమరాలిని ఇయ్య. శ్వేత నా దగ్గర్నే ఉంటది" అంది.

హుస్నాబాద్ వాళ్లు ఎగిరి గంతెయ్యలేదు గానీ అంత పనీ చేశారు. వేరేవాడి బిడ్డను ఎట్లా వద్దనాలా అని వాళ్లు దారి పొడుగునా మథన పడుతూ వచ్చారట. రోగి కోరేది అదే, వైద్యుడు ఇచ్చేది అదే అయింది. ప్రసూన ఆ సమయానికి చాయ్ గ్లాసులు తీస్తోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఏమీ అనలేదు. గ్లాసులు కడిగి బోర్లించి, చాలాసేపు పెరట్లోనే ఉండిపోయింది. అంజవ్వ చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది. కొడుకును తిన్న దేవుడు ఈ ఒక్క పిల్లనైనా తనకు వదలాలి కదా అని మనసుకు సర్ది చెప్పుకుంది.

ఆ వైపు వాళ్లూ ఒక మాట అన్నారు. మారుమనువుకు వచ్చే పిల్ల పాత ఇంటి పోగు ఒక్కటి కూడా ఒంటి మీద గానీ సంచిలో గానీ తేకూడదు. చీర, జాకెట్టు, తల తుడుచుకునే తువ్వాలతో సహా అన్నీ కొత్త ఇంటివాళ్లు పెట్టినవే కట్టుకుని గడప దాటాలి. అది వాళ్ల ఆనవాయితీ. అంటే బీరువాలో ప్రసూన వైపు అర ఉన్నది ఉన్నట్టు ఇక్కడే ఉండిపోతుందన్నమాట.

దసరా వెళ్లిన మర్నాటి నుంచి ప్రసూన తన నూలు చీరలు ఒక్కొక్కటే తీసి, పొర మీద పొర పరిచి, బొంత కుట్టడం మొదలుపెట్టింది. అందులో విడ్డూరం ఏమీ లేదు. పాత చీరలు బొంతలు కాక ఇంకేమవుతాయి? విడ్డూరం ఏమిటంటే, పగలంతా కట్టుకున్న చీరను సాయంత్రం విడిచి, ఉతక్కుండా, చెమటతో, పోపు వాసనతో అలాగే బొంతలో వేసి కుట్టేది. అంజవ్వకు ఒళ్లు చిమచిమలాడింది. నేత నేసిన ఇల్లది. మగ్గం పోయినా మడి పోలేదు. ఉతకని బట్ట పెట్టెలోకి పోకూడదు, పెట్టెలోంచి తీసిన బట్ట ఉతక్కుండా ఒంటి మీదికి రాకూడదు. అత్తగారి అత్తగారి నాటి నుంచి ఆ ఇంట్లో అదే చట్టం. అయినా రేపో మాపో పోయే పిల్లను ఏమంటాం, పెళ్లి తొందరలో ఉంది పాపం అనుకుని నాలుక కరుచుకుంది.

కార్తీకంలో కొమురవెల్లి గుట్ట మీద పది మంది నడుమ పుస్తె కట్టించుకుని, వాళ్లు తెచ్చిన పసుపు చీరలో ప్రసూన హుస్నాబాద్ జీపెక్కింది. శ్వేతను సారయ్య భార్య అంతకు ముందే బొమ్మల దుకాణాల వైపు తీసుకుపోయింది. ఎక్కే ముందు ప్రసూన అత్త చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పింది. పిల్లకు బొంత కప్పు అత్తమ్మా, అని.

శ్వేతకు ఒక అలవాటు ఉంది. అమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప కన్ను మూయదు. తల్లి పోయాక ఈ పిల్లతో ఎట్లా వేగాలా అని అంజవ్వ గుండెలు అరచేతిలో పెట్టుకుంది. తీరా చూస్తే ఆ పిల్ల బొంతలోకి దూరి, తల కూడా కప్పుకుని, ఒక అంచు ముక్కుకు ఆనించుకుని పడుకుంది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. పగలు వాకిట్లోకి పోయి చూసి వచ్చేది, అమ్మ ఎప్పుడొస్తది అని అడిగేది, కానీ ఏడవలేదు. అంజవ్వకు ధైర్యం వచ్చింది. నేను చెప్పలేదా, పిల్ల నాకే మాలిమి అని సారయ్యతో గొప్పగా చెప్పుకుంది కూడా.

ఇంతలో చలి ముదిరింది. ఏటా దీపావళి వెళ్లగానే సజ్జ మీది రేకు పెట్టె దించి, అందులోని స్వెట్టర్లు, శాలువాలు, చెవుల టోపీలు బయటికి తీసి, గౌన్లు, పల్చటి చీరలు, చేతుల్లేని బనీన్లు అందులోకి సర్దడం ఆ ఇంటి పని. అత్తాకోడళ్లు చెరో పక్క పట్టి దించేవాళ్లు. కింద పరుచుకుని కూర్చుని, నరహరి చిన్నప్పటి మాటలు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, ఒక పూట పనిని రెండు పూటలు చేసేవాళ్లు. ఈ ఏడు పెళ్లి హడావుడిలో ఆలస్యమైంది. ఇప్పుడు అంజవ్వ ఒక్కతే. స్టూలెక్కి పెట్టెను లాగితే అంచు భుజానికి కొట్టుకుంది. అయినా దించింది. దుఃఖం వచ్చినప్పుడు ఒళ్లు వంచి పని చెయ్యడం తప్ప ఆమెకు వేరే మందు తెలియదు.

ఆ రోజు ఆమె ఇల్లంతా తిరగేసింది. ప్రసూన అరలో మిగిలిన చీరలను చూస్తే కళ్లు నిండుతున్నాయని, అన్నీ తీసి మూట కట్టింది. మంచివి ఉతికి ఇస్త్రీ చేయించి ఎవరికైనా ఇద్దామనుకుంది. ఆ అరను తడి గుడ్డతో తుడిచి, కొత్త కాగితం పరిచి, పురుగు పట్టకుండా డాంబర్ గోలీలు వేసి, శ్వేత స్వెట్టర్లు పెట్టుకుంది. పెట్టెలోంచి తీసిన చలిబట్టలన్నీ సోడా వేసిన వేడి నీళ్లలో నానబెట్టింది. నానబెట్టిన తొట్టిలో ఇంకా చోటుంది. మంచం మీద బొంత కనిపించింది. పాపం తొందరలో ఉతక్కుండా కుట్టింది కదా, పిల్లకు దురద పెడుతుందేమో అనుకుని, దాన్ని కూడా ముంచింది. ముంచి, బండ మీద వేసి, చేతనైనంత బలంగా బాదింది. డాబా మీద ఎండకు వేసి, సాయంత్రం తెచ్చి మడత పెడుతుంటే కమ్మటి సబ్బు వాసన వేసింది. మనుమరాలికి ఎంత మేలు చేశానా అనుకుంది, పిచ్చిది.

శ్వేత ఆ పొద్దు బొంతలోకి దూరి, వెంటనే బయటికి వచ్చింది. తిరగేసి ఇంకో వైపు దూరింది. అంచులన్నీ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి చూసింది. తర్వాత లేచి బీరువా తలుపు తీసి, అమ్మ అరలో తల పెట్టింది. అక్కడ డాంబర్ గోలీలు. మూట దగ్గరికి పోదామంటే అది అప్పటికే చాకలి ఇంటికి పోయింది. ఇల్లంతా తిరిగి వచ్చి అంజవ్వ ముందు నిలబడింది.

"బాపమ్మా, అమ్మను యాడ పెట్టినవ్?" అంది.

అంజవ్వకు అప్పుడు అర్థమైంది. కోడలు ఎందుకు ఉతక్కుండా కుట్టిందో, పోతూ పోతూ ఆ ఒక్క మాటే ఎందుకు చెప్పిందో, అంతా ఒకేసారి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జనం ఊరికే అనరు. తల్లి ఇంత కాలం కూడబెట్టి బిడ్డకు ఇచ్చిపోయిన తన ఒంటి వాసనను, ఈమె ఒక్క పూటలో సోడా నీళ్లలో ఉడికించి, బండకేసి బాది, ఎండలో ఆరేసింది.

ఆ పిల్ల ఆ తర్వాత నిద్రపోలేదు. పడుకునేది, కళ్లు తెరుచుకునే ఉండేది. అన్నం ముందు కూర్చుని కునికేది, కునుకు పట్టగానే ఉలిక్కిపడేది. ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు. అంజవ్వ తన కొంగు ఇచ్చింది. శ్వేత మర్యాదగా పట్టుకుంది, కాసేపటికి వదిలేసింది. పిల్ల కళ్ల కింద నలుపు చూసిన రోజు అంజవ్వ తనను తాను తిట్టుకోవడం మానేసి, ఒక నిర్ణయానికి వచ్చింది. తల్లీబిడ్డల్ని విడదీసింది తనే. కలపవలసింది కూడా తనే. షరతు తను పెట్టిందే కదా, తను తీసేస్తే పోతుంది. ఇల్లు బోసిపోతే పోనీ, తను ఒక్కతే ఉడకేసుకుని తింటుంది. ఆ మాట అనుకోగానే చాలా రోజుల తర్వాత మనసు కాస్త తేలికైంది.

పాత బస్టాండులో హుస్నాబాద్ బస్సెక్కారు. దారి పొడుగునా రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. శ్వేత స్వెట్టరు గుండీలు సరిగ్గా పెట్టించుకుంది, జడలు మళ్లీ వేయించుకుంది. నేను మంచిగున్ననా అని రెండు సార్లు అడిగింది.

అనసూర్య మర్యాద తెలిసిన మనిషి. కాళ్లకు నీళ్లిచ్చి, కుర్చీ వేసింది. ఓంప్రకాశ్ దుకాణంలో ఉన్నాడు. ప్రసూన వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, బిడ్డను చూసి, అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయింది. శ్వేత పరుగెత్తి పోయి ఆమె కాళ్లను చుట్టేసింది. ప్రసూన వంగి ఎత్తుకోబోయి, అత్త వైపు చూసి, తల మీద చెయ్యి వేసి ఊరుకుంది. పెళ్లయి ఇంకా నెల కాలేదు. ఆ ఇంట్లో తన చెయ్యి ఎంత దూరం చాస్తుందో ఆమెకు ఇంకా తెలియదు.

అంజవ్వ చాయ్ ముట్టుకోకుండానే మాట ఎత్తింది. ఆ రోజు పుట్టెడు దుఃఖంలో ఏదో అన్నాననీ, ఆ షరతు ఇక లేదనీ, పిల్ల తల్లి దగ్గరే ఉండాలనీ చెప్పింది. ఖర్చు కూడా తనే చూసుకుంటానంది. అనసూర్య అంతా విన్నది. విని, కోపం లేకుండానే, నిదానంగా చెప్పింది.

"నువ్వు పెట్టిన మాట నువ్వు తీసేసుకుంటవ్ అక్కా. మేము గా మాట మీదనే గద పెండ్లికి ఒప్పుకున్నది. నా కొడుకు ఇల్లు ఒకసారి చెడ్డది. మళ్ల చెడొద్దు. మీ మనుమరాలిని సెలవులల్ల తోలుకరా, మేము కాదన్నమా?"

అంజవ్వ కోడలి వైపు చూసింది. నువ్వు ఒక్క మాట అను, నేను మిగతాది కొట్లాడతాను అని ఆ చూపు. జీవితంలో ఎవరితోనైనా కొట్లాడగల మనిషి అంజవ్వ. ప్రసూన అత్తను చూసింది, కొత్త అత్తను చూసింది, తన చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకున్న బిడ్డ పిలకల్ని చూసింది.

"ఎండకాలం తోలుకరా అత్తమ్మా" అంది. గొంతులో ఏమీ లేదు.

వాకిలి దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు మాత్రం, శ్వేత ఎదురింటి కోడిపిల్లల్ని చూస్తుంటే, ప్రసూన తల ఎత్తకుండా మెల్లగా అంది: "గీ మాట పెండ్లికి ముందు అంటే నేను గీ గడపనే తొక్కకపోదును. నువ్వు షరతు పెట్టినవని నేను ఊకోలేదు అత్తమ్మా. కొడుకు పాయె. నేను పోతున్న. పిల్ల గూడ లేకుంటే నువ్వు బతుకవని ఇడిసిపెట్టిన."

తను గెలుచుకున్నాననుకున్నది ఈ పిల్ల పెట్టిన భిక్ష అని అంజవ్వకు అప్పుడు తెలిసింది. కాళ్ల మీద పడదామనిపించింది, వీధిలో జనం ఉన్నారు.

"బొంత కప్పుతున్నవా?" అని అడిగింది ప్రసూన.

"కప్పుతున్న బిడ్డా" అంది అంజవ్వ.

"మంచిగ పండుకుంటుందా?"

"మంచిగ పండుకుంటుంది."

ప్రసూన ముఖంలో ఆ పూట మొదటిసారి కొంచెం వెలుగు వచ్చింది. ఆ వెలుగును చూడలేక అంజవ్వ పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా నడిచింది.

బస్సులో శ్వేత కిటికీ పక్కన కూర్చుని వెనక్కి పోయే చెట్లను చూసింది. తర్వాత, ఎండకాలం ఎప్పుడొస్తది అని అడిగింది. తొందరగానే వస్తుంది అంది అంజవ్వ. రేపా? రేపు కాదు. ఎల్లుండా? అంజవ్వ బయటికి చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగేళ్ల పిల్లకు సంక్రాంతి పోవాలి, శివరాత్రి పోవాలి, ఉగాది పోవాలి అని ఏ నోటితో చెబుతుంది?

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. చలిగాలి మొదలైంది. అంజవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చేసరికి, గదిలో శ్వేత స్వెట్టరు విప్పి కింద పడేసి, బీరువాలోని చలిబట్టలన్నీ లాగి కుప్ప పోస్తోంది. స్టూలు కూడా సజ్జ కిందికి ఈడ్చుకొచ్చింది. ఏం చేస్తున్నవే అని అరవబోయి అంజవ్వ ఆగిపోయింది.

"పెట్టె దించు బాపమ్మా" అంది శ్వేత. "గౌన్లు తియ్యి. గివి అండ్ల పెట్టు."

"ఎందుకు బిడ్డా?"

"నువ్వు పెట్టె దించినంకనే గద చలికాలమొచ్చింది. ఇగ ఎండకాలం తే."

అంజవ్వ ఆ ముఖంలోకి చూసింది. ఎంత నమ్మకం ఉంది ఆ ముఖంలో. కాలాలు పెట్టెల్లో ఉండవు బిడ్డా, నా చేతిలో ఏమీ లేదు అని చెప్పాలి. పెద్దవాళ్లు చెప్పవలసిన మాట అదే. కానీ ఒక్క నెలలో ఆమె ఈ పిల్లకు తల్లిని లేకుండా చేసింది, తల్లి వాసన లేకుండా చేసింది, తల్లి నోటితోనే వద్దనిపించింది. ఇంకొక్క 'లేదు' అనడానికి ఆమెకు ప్రాణం చాలలేదు.

స్టూలెక్కింది. నొప్పి తగ్గని భుజంతోనే పెట్టె దించింది. చేతుల్లేని పువ్వుల గౌను తీసి మనుమరాలికి తొడిగింది. స్వెట్టర్లు, టోపీలు, మేజోళ్లు, నిన్నగాక మొన్న తీసినవన్నీ మడతలు పెట్టి పెట్టెలో సర్దింది. శ్వేత ఒక్కొక్కటే అందిస్తూ, ఏదీ మిగలకుండా చూసుకుంది. బొంతను కూడా ఆ పిల్లే తెచ్చి ఇచ్చింది. చివరికి బాపమ్మను ఎగాదిగా చూసింది.

"నీ శాలువ గూడ."

అంజవ్వ శాలువా తీసి పెట్టెలో వేసి, మూత వేసి, కొక్కెం పెట్టి, స్టూలెక్కి సజ్జ మీదికి నెట్టింది. దిగి చూసేసరికి శ్వేత చెప్పులు వేసుకుని గడప మీద కూర్చుని ఉంది. చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. పెదవులు వణుకుతున్నాయి. అంజవ్వ వెళ్లి పక్కన కూలబడింది.

"మస్తు ఉడుకపోస్తుంది గద బాపమ్మా?" అంది శ్వేత.

"అవ్ బిడ్డా" అంది అంజవ్వ, పళ్లు టకటక కొట్టుకుంటుంటే. "మస్తు ఉడుకపోస్తుంది."